విన్నపం, పైరవీ, అండమాన్ అడవి

వంటింటి గూట్లోని అగ్గిపెట్టెకూ, బంగాళాఖాతం అవతలి అండమాన్ అడవికీ ఒకప్పుడు దగ్గరి చుట్టరికం ఉండేది. ఆ దీవుల్లో పెరిగే పపీత, ధూప్ చెట్ల కలప తెల్లగా, మెత్తగా ఉండి పుల్లలుగా చీల్చడానికి అనువుగా ఉంటుంది. తెలుగువారికి అండమాన్ అంటే ద్వీపాంతర శిక్ష, సెల్యులర్ జైలు, మన్యం పోరాటంలో పట్టుబడి అక్కడికి తరలిపోయిన ఖైదీలు గుర్తుకొస్తారు. వ్యాపారులకు మాత్రం అండమాన్ మొదటి నుంచీ కలప డిపో. 1858లో ఖైదీల వలస మొదలైతే, పాతికేళ్లకే, 1883లో, అటవీ శాఖ వెలిసింది. అదే ఏడాది చాతం దీవిలో రంపపు మిల్లు కూడా మొదలైంది.

అగ్గిపుల్లల కథ స్వీడన్ నుంచి వచ్చింది. ఇవార్ క్రూగర్ నడిపిన స్వీడిష్ మ్యాచ్ కంపెనీ ఆనాడు ప్రపంచంలోని అగ్గిపెట్టెల వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకునే పనిలో ఉంది. 1922లో భారత ప్రభుత్వం ఖజానా నింపుకోవడానికి దిగుమతి అగ్గిపెట్టెలపై గ్రోసుకు రూపాయిన్నర సుంకం వేసింది. బయటి నుంచి సరుకు పంపడం గిట్టుబాటు కాదని గ్రహించిన స్వీడిష్ కంపెనీ సుంకం గోడ దాటి లోపలికే వచ్చేసింది. 1923లో వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ, అంటే జనం నోట నానిన విమ్కో, పుట్టింది. అంబర్‌నాథ్, బరేలీ, కలకత్తా, మద్రాసులలో కర్మాగారాలు లేచాయి. తర్వాతి కాలంలో పోర్ట్ బ్లెయిర్‌లోనూ విమ్కో పుల్లల కర్మాగారం నడిచింది. హాడో ప్రాంతంలో ఆ పేరు ఇంకా వినిపిస్తుంది.

స్వదేశీ అగ్గిపెట్టెల తయారీదారులు గగ్గోలు పెట్టారు. సుంకాన్ని రక్షణ సుంకంగా మార్చాలా, విదేశీ మహాసంస్థ పోటీ న్యాయమైనదేనా అన్న ప్రశ్నలు టారిఫ్ బోర్డు ముందుకు వెళ్లాయి. ఇక్కడ కాసేపు ఆగాలి. ఎందుకంటే పరిశ్రమలు ప్రభుత్వాన్ని కోరికలు కోరే పద్ధతికి ఈ దేశంలో ఇంత బహిరంగమైన వేదిక అంతకు ముందు లేదు, ఆ తర్వాతా అరుదే.

1923లో ఏర్పడిన టారిఫ్ బోర్డు పనితీరు సూటిగా ఉండేది. రక్షణ కావాలన్న కంపెనీ ఆ మాట రాతపూర్వకంగా చెప్పాలి. బోర్డు ప్రశ్నావళి పంపుతుంది: పెట్టుబడి ఎంత, ఉత్పత్తి ఖర్చు ఎంత, రైలు కిరాయి ఎంత, ముడిసరుకు ఎక్కడిది. తర్వాత కంపెనీ ప్రతినిధులను ఎదుట కూర్చోబెట్టి అడుగుతుంది. రక్షణ ఇవ్వొద్దనే దిగుమతిదారులనూ అలాగే అడుగుతుంది. ఆపైన ఆ ప్రశ్నలూ జవాబులూ సంపుటాలుగా అచ్చువేసి అమ్మకానికి పెడుతుంది. ఈ బోర్డు గడప మొదట తొక్కింది జంషెడ్‌పూర్ టాటా ఉక్కు కంపెనీ. దేశంలోని అతి పెద్ద పరిశ్రమ తన లెక్కల పుస్తకం విప్పి, నిలబడలేకపోతున్నాను, చేయూత ఇవ్వండి అని అడిగింది. 1924లో ఉక్కు రక్షణ చట్టం వచ్చింది. కేంద్ర శాసనసభలో ఆ చట్టంపై చర్చ జరిగినప్పుడు కార్మికుల తరఫున మాట్లాడిన సభ్యులు, ప్రజల డబ్బుతో కంపెనీని కాపాడుతున్నప్పుడు అందులో పనిచేసేవారి సంగతేమిటని నిలదీశారు. కంపెనీ ఏమడిగిందో, ఎంత అడిగిందో అందరికీ తెలుసు కనుకనే ఆ ప్రశ్న వేయగలిగారు.

అగ్గిపెట్టెల విచారణ కూడా అదే దారిలో నడిచింది. స్వదేశీ తయారీదారుల ఆరోపణలూ, స్వీడిష్ కంపెనీ జవాబులూ పక్కపక్కనే అచ్చయ్యాయి. కలప ఎక్కడి నుంచి రావాలన్నది అందులో పెద్ద ప్రశ్న. కలకత్తా కర్మాగారాలకు సుందరబన్ల గెన్వా ఒక ఆధారం, అండమాన్ కలప మరొకటి. చివరకు 1928లో మ్యాచ్ పరిశ్రమ రక్షణ చట్టం వచ్చింది. ఏ విదేశీ కంపెనీ నుంచి రక్షణ కోరారో ఆ కంపెనీ కర్మాగారాలు కూడా ఈ నేలమీదే ఉండటం వల్ల ఆ రక్షణ దానికీ దక్కింది. ఈ విడ్డూరం ఇవాళ కూడా చదివి తెలుసుకోగలుగుతున్నామంటే కారణం ఆనాటి సంపుటాలే.

అలాగని ఆ కాలాన్ని ఆకాశానికెత్తాల్సిన పనిలేదు. పరాయి పాలన అది. బోర్డు ముందు కూర్చున్నవారంతా సరుకు తయారుచేసేవారు, అమ్మేవారు, ప్రభుత్వోద్యోగులు. అడవి ఎవరిదో వాళ్లకు కబురు అందే వీలే లేదు. కలప టన్నుకు ఎంత పడుతుందన్న లెక్కలు వేస్తున్న ఆ దశాబ్దంలోనే అండమాన్‌లో జరావాల మీదికి బుష్ పోలీసుల దండయాత్రలు సాగుతున్నాయి. బహిరంగంగా అడిగినంత మాత్రాన అడిగింది న్యాయమైపోదు. కాకపోతే అన్యాయం ఎక్కడ మొదలైందో వెతకడానికి ఒక కాగితం మిగులుతుంది.

తెలుగులో ఈ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. పేరు రాసి, సంతకం పెట్టి, కచేరీలో ఇచ్చేది విన్నపం. పదిమంది కలిసి ఇస్తే మహజరు. పెరటి గుమ్మం గుండా వెళ్లి, చెవిలో చెప్పి, పని జరిగాక కూడా ఎవరు చెప్పారో తెలియకుండా ఉండేది పైరవీ. ఇంగ్లీషు నుంచి వచ్చిన లాబీయింగ్ అన్న మాట ఈ రెంటినీ ఒకే గాటన కట్టేస్తుంది. చర్చలో సగం గందరగోళం అక్కడే పుడుతోంది. కంపెనీలు ప్రభుత్వాన్ని ఏమీ అడగకూడదనడం కుదరని మాట. ఫిక్కీ వంటి సంఘాలు 1927 నుంచీ అడుగుతూనే ఉన్నాయి. బడ్జెట్‌కు ముందు ఆర్థిక మంత్రి వాళ్లను పిలిచి మరీ వింటారు. అడిగిన మాట తర్వాత ఎవరి కంటికైనా కనబడుతుందా అన్నదే అసలు సంగతి.

స్వతంత్ర భారతంలో మొదట్లో ఆ ఎరుక కొంత ఉంది. 1957లో టాటా ఉక్కు కంపెనీ రాజకీయ పార్టీలకు విరాళాలు ఇచ్చేందుకు వీలుగా తన మెమొరాండం మార్చుకోవడానికి బొంబాయి హైకోర్టు అనుమతి కోరింది. చాటుగా ఇచ్చుకోవచ్చు కదా అనుకోకుండా కోర్టుకు వెళ్లి అడగడం గమనించాల్సిన విషయం. ఒక వాటాదారు అడ్డుచెప్పాడు. ప్రధాన న్యాయమూర్తి ఎం.సి. చాగ్లా చట్టం ఒప్పుకుంటున్నది కనుక అనుమతి ఇచ్చారు. కానీ ఈ అలవాటు ముదిరితే ప్రజాస్వామ్యం గొంతు నులుముతుందని హెచ్చరించి, పార్లమెంటు పట్టించుకోవాలన్నారు. 1960లో కంపెనీల చట్టాన్ని సవరించి విరాళాలకు పరిమితి పెట్టారు, లెక్కల్లో చూపాలన్నారు. 1969లో మొత్తంగా నిషేధించారు. 1985లో మళ్లీ తలుపు తెరిచారు. 2017లో పరిమితే ఎత్తేశారు, ఆ మరుసటి ఏడు ఎన్నికల బాండ్లు వచ్చాయి. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు బాండ్లను కొట్టివేశాక బయటపడ్డ జాబితాలో రెండో అతి పెద్ద కొనుగోలుదారు హైదరాబాద్‌కు చెందిన మేఘా ఇంజనీరింగ్, 966 కోట్ల రూపాయలతో. కోర్టు ఆదేశం లేకపోతే ఆ అంకె లోకానికి తెలిసేది కాదు.

మరి అండమాన్?

ఆ దీవులకు శాసనసభ లేదు. రాష్ట్రపతి పేరిట కేంద్రం నేరుగా పాలిస్తుంది. మొదట చీఫ్ కమిషనర్, 1982 నుంచి లెఫ్టినెంట్ గవర్నర్. లోక్‌సభలో ఒకే ఒక్క సీటు. అది కూడా 1967 దాకా ఎన్నిక లేని సీటు. తొలి లోక్‌సభకు నికోబార్ బిషప్ జాన్ రిచర్డ్‌సన్‌ను రాష్ట్రపతి నామినేట్ చేశారు. మద్రాసులోనో హైదరాబాద్‌లోనో ఒక కంపెనీకి అడవి కౌలుకిస్తే ప్రతిపక్ష ఎమ్మెల్యే లేచి అడుగుతాడు, మర్నాడు పత్రికలో వస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో అడిగేవాడు లేడు. ఏ ఫైలు ఎవరి మాట మీద కదిలిందో ఢిల్లీ కారిడార్లకే తెలియాలి. పైరవీకి ఇంతకన్నా అనువైన నేల దొరకదు. 1951లో ఉత్తర అండమాన్ అడవుల్లో కలప తీసే లైసెన్సు పి.సి. రే అండ్ కంపెనీ అనే ప్రైవేటు సంస్థకు దక్కింది. ఉక్కుకూ అగ్గిపెట్టెలకూ జరిగినట్టు ప్రశ్నలూ జవాబులూ అచ్చువేసే విచారణ ఆ అడవి మీద జరగలేదు.

ఆ తర్వాత ప్లైవుడ్ కాలం. బాంబూఫ్లాట్, బకుల్తలా, లాంగ్ ఐలండ్‌లలో కర్మాగారాలు వచ్చాయి. ప్రభుత్వ డిపోల నుంచి వాటికి దుంగలు రాయితీ ధరకు అందేవి. అటవీ శాఖ నరికేది, కంపెనీ పొర తీసేది, సరుకు ఓడెక్కి ప్రధాన భూభాగం చేరేది. ఆ రాయితీ ఎందుకివ్వాలి, ఎంతకాలం ఇవ్వాలి అన్నదానిపై టారిఫ్ బోర్డు వంటి బహిరంగ విచారణ ఏదీ జరగలేదు. అడవి పని మీద వేల కుటుంబాలు బతికాయన్నది నిజమే. రాంచీ నుంచి తెచ్చిన ఆదివాసీ కూలీలు, బెంగాలీ శరణార్థులు, తమిళులు, శ్రీకాకుళం తీరం నుంచి వెళ్లిన తెలుగువారు ఆ దీవులను కట్టారు. 2011 లెక్కల్లో అక్కడి జనాభాలో నూటికి పదమూడు మందికి పైగా తెలుగు మాతృభాషగా ఉన్నవారు. కంపెనీల తరఫున వినిపించే మాటల్లో ఉపాధి అన్న మాట ఎప్పుడూ ముందుండేది. దాన్ని కొట్టిపారేయలేం. అయితే అదే మాటను బహిరంగంగా లెక్కలతో పెట్టి ఉంటే, ఒక చెట్టుకు ఖజానా ఎంత వదులుకుంటున్నది, కూలీకి ఎంత దక్కుతున్నది అని సరిచూసే వీలుండేది.

లిటిల్ అండమాన్ సంగతి ఇంకా బరువైనది. 1957లో ఆ దీవిని ఓంగేల రిజర్వుగా ప్రకటించారు. 1965లో కేంద్రం నియమించిన అంతర్ విభాగ బృందం ‘వేగవంతమైన అభివృద్ధి’కి ప్రణాళిక గీసింది. 1970లలో రిజర్వులోంచి భాగాలు తెగిపోతూ వచ్చాయి. 1977లో అటవీ, తోటల అభివృద్ధి సంస్థ పుట్టి కలప తీయడం, ఎర్ర పామాయిల్ తోట పెంచడం పనిగా పెట్టుకుంది. అది ప్రభుత్వ సంస్థే. కొనేవారు ప్రైవేటువారు. ఈ ఏర్పాటులో ఉన్న సుఖం ఏమిటంటే, అడవి కావాలని అడిగేదీ ప్రభుత్వమే, ఇచ్చేదీ ప్రభుత్వమే కనుక కంపెనీ పేరు ఏ దరఖాస్తు మీదా కనబడనక్కరలేదు. 1901లో ఆరువందలకు పైగా ఉన్న ఓంగేలు ఇప్పుడు నూరుమంది చుట్టుపక్కల.

1998లో పోర్ట్ బ్లెయిర్‌కు చెందిన ‘సేన్’, కల్పవృక్ష్, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ కోర్టుకెక్కాయి. ఓంగేల రిజర్వులోనే నరుకుడు సాగుతున్నదన్నది వాళ్ల ఫిర్యాదు. వ్యవహారం సుప్రీంకోర్టులోని గోదావర్మన్ కేసులో కలిసింది. 2001 అక్టోబరులో కోర్టు నరుకుడు ఆపింది, నవంబరులో శేఖర్ సింగ్‌ను కమిషనర్‌గా నియమించింది. ఆయన దీవులు తిరిగారు, అధికారులనూ, వ్యాపారులనూ, స్థిరపడినవారినీ విన్నారు, 2002 ఫిబ్రవరి 18న నివేదిక ఇచ్చారు. స్వాతంత్ర్యం వచ్చిన ఇన్నేళ్లలో అండమాన్ కలప గురించి ఎవరికేం కావాలో ఒక చోట నమోదై, జనం చదివేలా బయటకు రావడం అరుదైన సంగతి. మే 7న కోర్టు ప్రధాన సిఫారసులను ఆమోదించింది. దీవుల కలప బయటికి పోకూడదు. రిజర్వుల్లో సహజంగా పెరిగిన చెట్టు నరకకూడదు. జరావా రిజర్వు గుండా పోయే ట్రంకు రోడ్డు మూసేయాలి. ప్లైవుడ్ కాలం ముగిసింది. రోడ్డు మాత్రం మూయలేదు.

ఇంచుమించు అదే కాలంలో తెలుగు నేలమీద దీనికి అద్దం పట్టే ఘటన ఒకటి జరిగింది. 1997 జులై 11న సుప్రీంకోర్టు సమత తీర్పు ఇచ్చింది. విశాఖ మన్యంలో అనంతగిరి ప్రాంతపు గనుల కౌళ్ల నుంచి మొదలైన ఆ కేసులో, షెడ్యూల్డు ప్రాంతపు భూమిని ప్రైవేటు కంపెనీలకు కౌలుకివ్వడం చెల్లదని కోర్టు తేల్చింది. గనుల పరిశ్రమకు అది మింగుడు పడలేదు. మూడేళ్లకు, 2000 జులైలో, కేంద్ర గనుల శాఖ ఒక రహస్య నోట్ తయారుచేసింది. అయిదో షెడ్యూలునే సవరించి తీర్పును పక్కనపెట్టే దారి అందులో ఉంది. నోట్ బయటికి పొక్కింది. ఆదివాసీ సంఘాలు దేశమంతా కదిలాయి. సవరణ ఆగిపోయింది. ఆ నోట్‌లోని వాదనలు బహిరంగంగా చెప్పలేనంత చెడ్డవేమీ కావు. పెట్టుబడి, ఉపాధి, ఖనిజాల అవసరం అన్నీ పార్లమెంటులో నిలబడి చెప్పదగిన మాటలే. దాని మీద ‘రహస్యం’ అన్న ముద్ర ఉండటమే దాన్ని ముంచింది.

2012 చివర్లో వాల్‌మార్ట్ విషయం పార్లమెంటును స్తంభింపజేసింది. అమెరికాలో 1995 నాటి చట్టం ప్రకారం కంపెనీలు లాబీయింగ్ ఖర్చును ఎప్పటికప్పుడు ప్రకటించాలి. ఆ పత్రాల్లో వాల్‌మార్ట్ తాను ప్రస్తావించిన విషయాలలో భారత మార్కెట్‌లో పెట్టుబడుల అంశాన్నీ రాసింది. 2008 నుంచి చూపిన మొత్తం సుమారు రెండున్నర కోట్ల డాలర్లు. అదంతా భారతదేశం కోసమే కాదు, అనేక అంశాలకు కలిపి, పైగా అమెరికాలో చేసిన ఖర్చు. జస్టిస్ ముకుల్ ముద్గల్ కమిటీ వేశారు. 2013లో నివేదిక వచ్చింది, వ్యవహారం చల్లబడింది. బాహాటంగా రాసిన కంపెనీ తిట్లు తిన్నది. ఏమీ రాయాల్సిన అవసరం లేనివారంతా హాయిగా ఉన్నారు. అదే ఏడాది బిజూ జనతాదళ్ సభ్యుడు కాళికేశ్ నారాయణ్ సింగ్‌దేవ్ లాబీయింగ్ వెల్లడి బిల్లును ప్రైవేటు బిల్లుగా లోక్‌సభలో పెట్టారు. ప్రైవేటు బిల్లులకు సాధారణంగా పట్టే గతే దానికీ పట్టింది. ఐరోపా కూటమికి 2011 నుంచి పారదర్శకత రిజిస్టరు ఉంది. ఇక్కడ లాబీయింగ్ చట్టబద్ధమూ కాదు, నేరమూ కాదు.

ఈ శూన్యం ఎంత లోతైనదో గ్రేట్ నికోబార్ చూపుతున్నది. గలాథియా తీరాన కంటైనర్ల ఓడరేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, పట్టణం. 166 చదరపు కిలోమీటర్లు, అందులో 130 చదరపు కిలోమీటర్ల అడవి. ఒక దశలో చెప్పిన ఖర్చు 72 వేల కోట్లు. ఆలోచన నీతి ఆయోగ్‌ది. సాధ్యాసాధ్యాల నివేదిక ఏకామ్ అనే సంస్థది. పర్యావరణ ప్రభావ నివేదిక హైదరాబాద్‌లోని విమ్తా ల్యాబ్స్‌ది. దరఖాస్తుదారు అండమాన్ నికోబార్ సమగ్రాభివృద్ధి సంస్థ. దీవుల్లో పాలు, పెట్రోలు, మద్యం అమ్ముకునే ప్రభుత్వ సంస్థ ఇంత పెద్ద ఓడరేవుకు దరఖాస్తుదారు కావడం గమ్మత్తే. లిటిల్ అండమాన్ నాటి ఏర్పాటే ఇదీ. అడిగేదీ ఇచ్చేదీ ప్రభుత్వమే. 2021 జనవరిలో తోలుతాబేళ్లు గుడ్లు పెట్టే గలాథియా తీరపు అభయారణ్యాన్ని రద్దుచేశారు. 2022 జనవరి 27న క్యాంప్‌బెల్ బేలో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అక్టోబరులో అటవీ అనుమతి, నవంబరులో పర్యావరణ అనుమతి వచ్చాయి. ఓడరేవు కట్టడానికి ఆసక్తి ఉన్న కంపెనీలు ముందుకు రావాలన్న పిలుపు 2023 జనవరిలో వెలువడింది. కంపెనీల పేర్లు కాగితం మీదికి వచ్చే వేళకు అడవీ, తీరమూ, చట్టమూ అన్నీ సర్దుబాటయిపోయాయి. అంతకు ముందు ఏ పరిశ్రమ ఎవరినైనా కలిసిందా, కలవలేదా? కలవకపోయి ఉండవచ్చు కూడా. కలవలేదని నిరూపించుకునే వీలు కూడా రిజిస్టరు లేని దేశంలో కంపెనీలకు లేదు.

సమాచార హక్కు కింద అడిగినవారికి చట్టంలోని ఎనిమిదో సెక్షన్ అడ్డుపడింది. దేశ వ్యూహాత్మక ప్రయోజనాలట. సైనిక అవసరం నిజమే కావచ్చు, మలక్కా జలసంధి దగ్గరే ఉంది. అయితే పట్టణానికీ, విహారయాత్రకూ, కంటైనర్ల వ్యాపారానికీ అదే ముసుగు చాలినంతగా సాగుతుందా? జాతీయ హరిత ట్రిబ్యునల్ 2023 ఏప్రిల్‌లో అనుమతులను మళ్లీ పరిశీలించమని ఉన్నతస్థాయి కమిటీ వేస్తే, ఆ కమిటీ నివేదికనూ జనం ముందు పెట్టలేదు.

ఈ మొత్తం వ్యవహారంలో టారిఫ్ బోర్డు కాలపు పద్ధతిలో పేరు రాసి, తేదీ వేసి, కారణం చెప్పి విన్నపం ఇచ్చినవారు నికోబారీలు. 2022 ఆగస్టులో లిటిల్, గ్రేట్ నికోబార్ గిరిజన మండలి నుంచి నిరభ్యంతర పత్రం తీసుకున్నారు. నవంబరు 22న మండలి దాన్ని వెనక్కి తీసుకుంటూ లేఖ రాసింది. సునామీకి ముందు తాము నివసించిన ఊళ్లు కూడా ప్రాజెక్టు కిందికి వస్తున్నాయని తమకు చెప్పలేదన్నది అందులోని ఫిర్యాదు. 2004 డిసెంబరు అల తర్వాత వాళ్లను క్యాంప్‌బెల్ బే దగ్గర రాజీవ్ నగర్, న్యూ చింగెన్ కాలనీల్లో ఉంచారు. పాత ఊళ్లకు తిరిగి పోనివ్వమని అప్పటి నుంచీ అడుగుతూనే ఉన్నారు. ఆ విన్నపాలకు కొబ్బరితోటలు పెరిగే తీరపు ఊళ్ల పేర్లతో సహా నమోదు ఉంది. అడవి లోపల ఉండే షోంపెన్లు, 2011 లెక్కల్లో 229 మంది, ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు.